రాజేష్ తెచ్చిన గిన్నె

రాజేష్ కనబడకుండా పోయి మూడేళ్లయింది. బోనకల్ దగ్గరి తండాలో పుట్టినా, దుమ్ముగూడెంలో మేనమామ ఇంట్లో ఉండి చదివినవాడు, గోదావరిలో ఈదినవాడు. అందుకే సముద్రంలో డైవింగ్ పని దొరికింది. ఏ ఊళ్లో పనో మాత్రం ఎవరికీ చెప్పొద్దన్నారట. ఫోన్లు ఆగిపోయాక అక్క పుష్ప కంపెనీ ఆఫీసుకు వెళ్లి అడిగితే, పని మానేసి ఎవరితోనో వెళ్లిపోయాడన్నారు. తల్లి సోమ్లి అదే నమ్మింది. కొడుకును తిట్టని రోజు లేదు.

చివరిసారి వచ్చినప్పుడు రాజేష్ లేతాకుపచ్చ పింగాణీ గిన్నె ఒకటి తెచ్చాడు. సముద్రం అడుగున దొరికిందన్నాడు. పుష్పతో ఖమ్మంలో డిగ్రీ చదివిన సనోబర్ ఇప్పుడు హైదరాబాద్ ల్యాబ్‌లో పాత చైనా పింగాణీ మీద పరిశోధన చేస్తోంది. మట్టిని పరీక్షించి, ఏ బట్టీలో కాల్చారో తేల్చడం ఆమె పని. తమ్ముడు దొంగ అనిపించుకుంటాడేమోనని భయపడుతూనే, ఏ సముద్రంలో పనిచేశాడో తెలుస్తుందేమోనని పుష్ప గిన్నె ఆమె చేతికిచ్చింది.

సనోబర్ గిన్నె పగలకుండా ఎక్స్‌రే యంత్రంతో పరీక్షించింది. మట్టిలో ఏయే లోహం ఎంతుందో తేలింది. అది దక్షిణ చైనాలోని ఒక బట్టీ మట్టి. ఆ బట్టీ సరుకు మన తీరంలో ఒకే ఒక్క మునిగిన ఓడలో దొరికింది, తమిళనాడు వైపు. ఆ ఓడను పరిశోధిస్తున్న అధికారులకు ఫోన్ చేస్తే, తమకన్నా ముందే ఎవరో దాన్ని దోచుకున్నారని చెప్పారు. మూడేళ్ల కిందట అక్కడే జాలర్ల వలలో డైవింగ్ దుస్తులతో ఒక శవం పడిందట. దాని కోసం ఎవరూ రాకపోతే పోలీసులు పూడ్చిపెట్టారు. వాళ్లు పంపిన ఫోటోలో ముంజేతి పచ్చబొట్టును పుష్ప గుర్తుపట్టింది.

తల్లికి చెప్పడానికి సనోబర్‌ను తోడు తీసుకెళ్లింది. అంతా విని సోమ్లి అడిగింది.

"అయితే వాడు పారిపోలేదా?"

"లేదమ్మా," అంది సనోబర్. "నీళ్లల్లనే పోయిండు. కంపెనోళ్లు అబద్ధం చెప్పిన్రు."

"మూడేండ్లు వాణ్ని తిట్టిన, బిడ్డా. పండుగపూట గూడ తిట్టిన."

కంపెనీ ఆఫీసుకు తాళం పడి ఏడాదైంది. అధికారులు గిన్నె తీసుకుని, ఓడను దోచినవాళ్ల జాబితాలో రాజేష్ పేరు కూడా రాసుకున్నారు.

ముగ్గురూ ఆ తీరానికి వెళ్లారు. ఇసుకదిబ్బల వెనక శ్మశానంలో నంబరు రాసిన రాయి చూపించారు. సోమ్లి దాని పక్కన కూర్చుని లంబాడీలో మొదట క్షమించమని అడిగింది. తర్వాత తండా కబుర్లన్నీ చెప్పసాగింది. బయట ఆటోవాడు రెండుసార్లు హారన్ కొట్టాడు. పుష్ప వెళ్లి భుజం పట్టుకుంటే, ఇంకా అయిపోలేదంది.