తక్కువ తినే మోటారు

నేను ఒక బోరు మోటారును. అలాంటి ఇలాంటిదాన్ని కాదు, ఒంటిమీద ఐదు నక్షత్రాల ముద్ర ఉన్నదాన్ని! ఫ్యాక్టరీలో నా పొట్టలో రాగితీగ చుట్టిన అమ్మాయి, "ఇది కాస్తంత కరెంటుతోనే బోలెడు నీళ్లు తోడుతుంది" అని పక్కామెతో చెబుతుంటే పొంగిపోయాను. ఆ పొగడ్తే నా కొంప ముంచుతుందని అప్పుడెలా తెలుస్తుంది?

పాత మోటార్లు కరెంటు తెగ మింగేస్తున్నాయని, ప్రభుత్వం సగం ఖర్చు తనే పెట్టుకుని మమ్మల్ని రైతులకిచ్చింది. షరతు ఒక్కటే: పాతది అప్పజెప్పాలి. అనంతపురం వైపు ఒక పల్లెలో చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉన్న రైతు ఎర్రిస్వామి, బావమరిది ఇంట్లో మూలపడున్న కాలిపోయిన మోటారును తనదేనని అప్పజెప్పి నన్ను తెచ్చుకున్నాడు. ఏం తెలివి! అతని అసలు పాత మోటారు బోరులో దర్జాగా ఉండిపోయింది. నేను మాత్రం గోనెసంచిలో, సామాన్ల గదిలో, వేరుశనగ మూటల వెనక పడ్డాను.

"కొత్తది తెచ్చి మూలకేస్తివే, ఎందుకు?" అని అడిగింది అతని భార్య సుంకమ్మ.

"అది తక్కువ కరెంటు తాగుతాదంట. కడుపుకు తినని ఎద్దు కాడి లాగుతాదా? మనకు కరెంటు ఊరికే వస్తాది. మిగిలిచ్చి ఎవురికి పెట్టల్ల?"

జవాబు చెప్పడానికి నాకు నోరేది? నీళ్లలో మునిగి బతకాల్సిన పుట్టుక నాది. ఆ పొడి గదిలో నా లోపలి రబ్బర్లు బిగుసుకుపోసాగాయి. ఒక కోడి నా మీదెక్కి గుడ్లు పెట్టడం మరిగింది. ఐదు నక్షత్రాలూ దాని రెట్టలో కలిసిపోయాయి. తనిఖీకి ఆఫీసరు వస్తే, "బోరులో దించినాం సార్" అన్నాడు ఎర్రిస్వామి. బోరులోకి తొంగి చూసేదెవరు? ఆయన టీ తాగి, ఫోటో తీసుకుని వెళ్లిపోయాడు. గోడకివతల నేను, ఇక్కడున్నాను మహాప్రభో అని అరవలేక కుమిలిపోయాను.

వేసవి వచ్చింది. ఊళ్లోని పెద్ద పెద్ద మోటార్లన్నీ ఒకేసారి లాగేసరికి లైనులో కరెంటు నీరసించి, పాత మోటారు మూలిగి మూలిగి కాలిపోయింది. టౌనులో బాగుచేసే షాపు ముందు అలాంటివి బారులు తీరి ఉన్నాయట. పక్షం రోజులు ఆగమన్నారు. చీనీ ఆకులు అప్పటికే ముడుచుకుంటున్నాయి. ఏళ్ల తరబడి పెంచితే ఇప్పుడిప్పుడే కాపుకొచ్చిన తోట. ఒక్క వేసవి ఎండితే చెట్లు మళ్లీ లేవవు. ఎర్రిస్వామి గడప మీద తల పట్టుకుని కూర్చున్నాడు. ఆ గడప లోపలే నేనున్నాను. అప్పటికీ నా మాటెత్తలేదు, మొండి మనిషి!

సుంకమ్మే మూటలు పక్కకు లాగింది. కోడిని అదిలించి గోనె విప్పింది.

"అది నీళ్లు ఎత్తల్యాదే" అన్నాడతను.

ఆమె కొంగు నడుముకు దోపుకుంది. "నేను తినేదెంత? మీరంతా తిన్నాక అడుగున మిగిలింది. తోట మొక్కలుగా ఉన్నెప్పుడు బిందెల్తో నీళ్లు మోసిందెవురు? తక్కువ తినేది పని సెయ్యదని నన్ను సూసి సెప్పు!"

అతను నన్ను చూశాడు. ఆమెను చూశాడు. గడప మీంచి లేచాడు.

పాతదాన్ని పైకి లాగి, నా కడుపులో నీళ్లు నింపి, పైపుకు బిగించారు. సుంకమ్మ నన్ను దించే తాడు అందుకోబోతే అతనే దాన్ని తీసుకుని, తలెత్తకుండా, "ముందు నువ్వు తిని రాపో" అన్నాడు. వెలుగులో నేను విన్న ఆఖరి మాట అదే.

ఇప్పుడు జానెడు గొట్టంలో, కన్ను పొడుచుకున్నా కానరాని చీకట్లో వేలాడుతున్నాను. గదిలోంచి గోతిలోకి వచ్చాను, అంతే. చెర తప్పలేదు. నేను తడిపే తోటను చూసే రాత నాకు లేదు. అయితే ఎండిపోయిన తోటకు ఎవరూ మీట నొక్కరు కదా.

ఇవాళ పొద్దున కూడా నొక్కారు.