కత్తెర పెట్టించుకున్న లైను

బట్టలు కుట్టే ఆవిడకు పేరు కత్తెర. ఆ పేరు నోటితో పిలిచేది కాదు. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే అదే ఆమె పేరు. పుట్టుకతోనే చెవుడు. చెవిటి పిల్లల బడిలో చేరిన కొత్తలో, రోజూ జడ లాగి ఏడిపించే పిల్ల రిబ్బన్లు రెండూ కత్తిరించి ఆ పిల్ల చేతిలోనే పెట్టింది. అప్పటినుంచి ఆ పేరు ఆమెను వదల్లేదు. ఆమె ప్రాణస్నేహితురాలికి చెంప మీద పుట్టుమచ్చ ఉండేది. చెంప మీద వేలితో చుక్క పెడితే ఆ అమ్మాయి.

పుట్టుమచ్చ పెళ్ళి చేసుకుని వేరే దేశం వెళ్ళిపోయింది. ఉత్తరాలు నడిచేవి గానీ ఇద్దరికీ తృప్తి ఉండేది కాదు. వాళ్ళ భాష చేతుల్లోనూ ముఖంలోనూ ఉంది. కాగితం మీద రాసేది ఎప్పుడూ పరాయి భాషే.

కత్తెర ఉండేది అన్నా వదినల దగ్గర. ఇంటి ముందు గది ఆమె కుట్టు దుకాణం. వెనక గదిలో ఫోను, అది అన్న పెత్తనం. ఆమెకు సంబంధించిన కబురు ఏదొచ్చినా అన్నే మాట్లాడి, ఒక్క ముక్కలో తేల్చేసేవాడు. తండ్రి ఆసుపత్రిలో ఉన్నప్పుడూ అంతే. ఫోను పట్టుకుని చాలాసేపు తల ఊపుతూ నిలబడ్డాడు. ఏమిటని అడిగితే, ఏం లేదు, బాగానే ఉన్నారని సైగ చేశాడు. తండ్రి పోయాడని కత్తెరకు మర్నాడు తెలిసింది. చెల్లెలు తట్టుకోలేదని ఆగానన్నాడు అన్న. ఆ మాటను ఆమె క్షమించలేదు, మరచిపోనూలేదు.

అలా ఉండగా పుట్టుమచ్చ చూడ్డానికొచ్చింది. కుట్టుమిషను పక్కన గుడ్డముక్కల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చుని, తమ ఊళ్ళో కొత్త రకం ఫోను లైను వచ్చిందని చెప్పింది. తీగ పాత రాగి తీగేనట, అందులో పోయేవి మాత్రం అంకెలట. గొంతునైనా బొమ్మనైనా అంకెలుగా మార్చి పంపితే అవతల మళ్ళీ విప్పుకుంటుందట. ఐఎస్‌డిఎన్ అంటారట. దానికి చిన్న తెరా, కెమెరా ఉన్న యంత్రం తగిలిస్తే ఎదుటివాళ్ళ చేతులు కనిపిస్తాయట. అక్కడి చెవిటివాళ్ళు చాలామంది పెట్టించుకున్నారట. తాను కొత్త యంత్రం కొనుక్కుంది కాబట్టి పాతది మోసుకొచ్చింది. ఇది నీకు వదిలేసి వెళ్తాను, లైను మాత్రం నువ్వే సాధించుకోవాలి అంది.

ఆ లైను ఇక్కడా లేకపోలేదు. ఎక్స్ఛేంజీలో సామాను దిగి చాలా కాలమైంది. రెండు మూడు పత్రికాఫీసులు, బ్యాంకులు తప్ప అడిగిన నాథుడు లేడు. కత్తెర వదినను వెంటబెట్టుకుని టెలిఫోను ఆఫీసుకు వెళ్ళింది. వదిన కాపురానికొచ్చిన ఏడాదే సైగలు నేర్చుకుంది. ఎవరన్న మాటైనా ఒక్క ముక్క మింగకుండా చెప్పడం ఆమె పద్ధతి.

అధికారి చెడ్డవాడేం కాదు. సంగతంతా విని, వదినతో నెమ్మదిగానే అన్నాడు. "ఆమెకు ఫోనెందుకమ్మా? మోగినా వినపడదు కదా."

వదిన ఉన్నదున్నట్టు చేతులతో చెప్పింది. కత్తెర సైగల్లో ఇచ్చిన జవాబును తన గొంతుతో ఆయనకు వినిపించింది.

"మోగక్కర్లేదు, దీపం వెలుగుతుంది. అయినా నేను వినడానికి అడగలేదండీ. మాట్లాడ్డానికి అడిగాను."

అధికారి కుర్చీలో సర్దుకున్నాడు. ఆ లైను వ్యాపారాలకే అన్నాడు. కుట్టు దుకాణం వ్యాపారమేగా అంది కత్తెర. ఒక్కో దేశం ఈ సరుకును ఒక్కో రకంగా పెట్టుకుంది, అక్కడి యంత్రం ఇక్కడ పలకదు, వృథా ప్రయాస అన్నాడు. పలుకుతుందో లేదో తగిలించి చూద్దామంది. ఆయన ఇక ససేమిరా అని తల పక్కకు తిప్పుకున్నాడు. చూపు తప్పిస్తే చాలు, ఆమెతో మాట తెగిపోయినట్టే.

ఇంట్లో అన్న ముఖం మాడ్చుకున్నాడు. ఊరంతా నవ్వుతున్నారట. "నీకేం కావాలన్నా నేను మాట్లాడి పెడుతున్నాను కదా, ఇదంతా ఎందుకు?" అన్నాడు.

కత్తెర భోజనం మధ్యలో చెయ్యి కడుక్కుని వచ్చి, అతనికి అర్థమయ్యేలా ఒక్కో సైగా విడదీసి చెప్పింది. "నాన్న సంగతి కూడా నువ్వే మాట్లాడి పెట్టావు."

వదిన దాన్ని గొంతుతో చెప్పాల్సిన పని పడలేదు. అన్న ఆ రోజు సగం భోజనంలోనే లేచి వెళ్ళిపోయాడు.

సైకిల్ షాపు మేడ మీద చెవిటివాళ్ళ క్లబ్బు ఉంది. కత్తెర ఆ వారం అక్కడ జరిగిందంతా చెప్పింది. అధికారి తల తిప్పుకున్న తీరు చేసి చూపించేసరికి గదంతా ఘొల్లుమంది. ప్రెస్సులో పనిచేసే కంపోజరు మాత్రం నవ్వలేదు. మనందరం ఎందుకు అడగకూడదు అన్నాడు.

సోమవారం ఆఫీసు తలుపులు తీసేసరికి క్లబ్బంతా వరండాలో ఉంది. ఒక్కొక్కరూ ఒక్కో టోకెను తీసుకుని బెంచీల మీద కూర్చున్నారు. కౌంటరు గుమాస్తా నంబరు పిలిచాడు. ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచాడు. గొంతు పోయేలా అరిచాడు. బెంచీల మీద నలభై చేతులు తమ కబుర్లలో తాము ఉన్నాయి. చివరికి గుమాస్తా లేచొచ్చి, ఒక్కొక్కరి టోకెనూ వంగి చూసుకుని, చెయ్యి పట్టుకుని కౌంటరు దాకా తీసుకెళ్ళాల్సి వచ్చింది. వెళ్ళిన ప్రతివాళ్ళూ కాగితం మీద రాసి అడిగింది ఒకటే, ఐఎస్‌డిఎన్ లైను. బిల్లులు కట్టడానికొచ్చినవాళ్ళు పని మానేసి కళ్ళప్పగించి చూస్తున్నారు. మధ్యాహ్నానికి అధికారి చేతులెత్తేశాడు.

"ఒక్క లైను ఇస్తాను, ఈవిడకి. బొమ్మ రాకపోతే అదే రోజు పీకించేస్తాను. మళ్ళీ ఈ గుంపు ఇటు రాకూడదు."

"లైను వెయ్యండి," అని చెప్పించింది కత్తెర. "రావాలో వద్దో మేం చూసుకుంటాం."

లైనుమాన్ వచ్చి దుకాణం గోడకు లైను పెట్టె బిగించిన రోజున అధికారి కూడా వచ్చి కూర్చున్నాడు. కత్తెర ఉత్తరంలో పుట్టుమచ్చకు చెప్పిన వేళకు యంత్రం ముందు కూర్చుని నంబర్లు నొక్కింది. తెర నీలంగా వెలిగి ఊరుకుంది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ నీలమే. అన్న గుమ్మంలో నిలబడి నేల చూస్తున్నాడు. అధికారి లేచి, నేను ముందే చెప్పానుగా అన్నట్టు చూసి, పెట్టె విప్పెయ్యమని లైనుమాన్‌కు చెప్పాడు.

కత్తెరకు ఆ మాట వదిన చెప్పక ముందే అర్థమైంది. స్టూలు ఈడ్చుకెళ్ళి, పెట్టెకు వీపు ఆనించి కూర్చుంది. గుడ్డ కత్తిరించే పెద్ద కత్తెర అందుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"లేవనంటోంది," అంది వదిన. "అన్నీ ప్రయత్నించి చూశారా అని అడుగుతోంది. చూశారా అండీ?"

చూడలేదు. లైనుమాన్ తల గోక్కుని ఎక్స్ఛేంజీకి ఫోను చేశాడు. అక్కడి ఇంజనీరమ్మ ఏ దేశానికి చేస్తున్నారని అడిగి, వాళ్ళ లైను మనదానికంటే కాస్త నెమ్మది, మీ యంత్రంలో వేగం ఒక మెట్టు దించండి అని చెప్పింది. దించారు. కత్తెర లేచొచ్చి మళ్ళీ నంబరు నొక్కింది.

తెర మీద గళ్ళు గళ్ళుగా ఒక ముఖం పేరుకుంది. చెంప మీద మచ్చ ఆ గళ్ళలో కనిపించనే లేదు. కానీ వేలు వెళ్ళి చెంప మీద చుక్క పెట్టింది. కత్తెర రెండు వేళ్ళూ ఆడించింది. ఆ తర్వాత ఏదో గబగబా చెప్పబోతే ఆమె చేతులు అవతలి తెర మీద పొగలా అలుక్కుపోయాయి. నెమ్మదిగా, నెమ్మదిగా అని అవతల నుంచి సైగ వచ్చింది. ఎందుకింత ఆలస్యం, నీ కోసం కూర్చుంటే పొయ్యి మీద కూర మాడిపోయింది అని పుట్టుమచ్చ తగువు మొదలుపెట్టింది. మాడితే నా తప్పా అని కత్తెర ఎదురు తిరిగింది. అటూ ఇటూ నవ్వులు. కత్తెర కళ్ళు తుడుచుకోవడానికి కూడా చేతులు ఖాళీ చేయలేదు.

"ఇంతసేపు ఏం మాట్లాడుకుంటున్నారు?" అని అన్న మెల్లగా వదినను అడిగాడు.

"వాళ్ళ మాటలు వాళ్ళవి. కావాలంటే మీరూ నేర్చుకోండి."

అన్న అక్కడే నిలబడి, ఆ చేతులనే చూస్తూ ఉండిపోయాడు.

వారం తిరక్కుండానే అధికారి ఫోటోగ్రాఫరును వెంటబెట్టుకుని వచ్చాడు. చెవిటివారికి మా శాఖ కానుక అని పేపర్లో వేయిస్తాం, ఇద్దరం యంత్రం పక్కన నిలబడదాం అన్నాడు. ఈసారి ముఖం కత్తెర వైపే ఉంది.

ఆమె కుట్టుమిషను ఆపి చెప్పింది. "కానుక కాదండీ, నేను అడిగి పెట్టించుకున్నాను. క్లబ్బుకీ, ఆ రోజు నాతో వచ్చిన కంపోజరుకీ వడ్రంగికీ కూడా లైన్లు ఇవ్వండి. అప్పుడు అందరం కలిసి ఫోటో దిగుదాం."

ఆయన రుసరుసలాడుతూ ఫోటోగ్రాఫరును తీసుకుని వెళ్ళిపోయాడు. అన్న దుకాణం గుమ్మం దాకా వచ్చి, పెద్దమనిషిని అలా పంపించేస్తావా అనబోయి, చెల్లెలి ముఖం చూసి వెనక్కి తిరిగాడు.

క్లబ్బుకు వానాకాలంలో లైను వచ్చింది. కంపోజరుకు మరో రెండు మూడు సార్లు తిరిగితే గానీ ఇవ్వలేదు. వడ్రంగికి ఇంకా రాలేదు. సోమవారం అందరూ కలిసి మళ్ళీ వెళ్తున్నారు.