వకుళ మాట

మా నిఘంటువు ఆఫీసు సిటీ బస్సులా కదులుతోంది, కిటికీల అవతల అరటితోటలూ మందుల షాపులూ ఒకదాంట్లోకి ఒకటి కరిగిపోతున్నాయి, అయినా నాకేమీ వింతగా లేదు. తెలుగువాళ్ళ నోళ్ళలో పడి కొత్త అర్థాలు తెచ్చుకున్న ఇంగ్లీషు మాటల్ని ఏరి నిఘంటువుకెక్కించడం నా ఉద్యోగం కాబట్టి, బస్సయితేనేం అని కూర్చుని ఉన్నాను. పక్క సీట్లో మా చెల్లెలు వకుళ ఉంది. పోయిన వేసవిలో చనిపోయింది. ఆ సంగతి నాకూ తెలుసు, దానికీ తెలుసు.

బట్టల షోరూంలో బిల్లింగ్ కౌంటర్ దగ్గర వేసుకునే మెరూన్ కోటుతోనే వచ్చింది.

"నన్ను పుస్తకంలో ఎక్కించావంటగా అక్కా?" అంటుంది నవ్వుతూ.

ఆ రోజు అది ఫోన్ చేసి, "నుంచున్నచోటే హ్యాంగ్ అయిపోతున్నానక్కా" అన్నప్పుడు, కంప్యూటర్‌కి వాడే మాట మనిషి మీదికొచ్చిందే అని నేను మురిసిపోయాను, మళ్ళీ చెప్పవే అన్నాను, మీ షోరూంలో అందరూ ఇలాగే అంటారా, అలసిపోతే అంటారా, మరిచిపోతే అంటారా అని గుచ్చి గుచ్చి అడిగాను, అది ఓపిగ్గా అన్నిటికీ జవాబు చెప్పి కస్టమర్లొచ్చారని పెట్టేసింది, ఆ నెలలోనే కౌంటర్ మీద వాలిపోయింది. మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. ముందే తీసుకొస్తే బాగుండేదన్నారు. దాని వాక్యం మాత్రం కొత్త ముద్రణలో ఉదాహరణగా ఉంది.

"తీసేయిద్దామనుకున్నానే. ఎడిటర్ గారి గుమ్మం దాకా వెళ్ళి, ఏమని చెప్పాలో తెలీక వచ్చేశాను."

"తీసేయడం ఎందుకు? కాకపోతే 'నిలబడిన చోటే' అని దిద్దావు. నేను 'నుంచున్నచోటే' అన్నాను."

"తలనొప్పేమైనా ఉందా అని ఒక్క ముక్క అడగలేదు నిన్ను."

"నాకే తెలీదు కదక్కా, నీకెలా తెలుస్తుంది?" అని కిటికీలోంచి చూస్తుంది. అవతల ఇప్పుడు తోటలు లేవు, తెల్లటి వరండా ఒకటి బస్సుతోపాటే సాగుతోంది. కాసేపటికి మెల్లగా, "అడిగుంటే బాగుండేది. అంతే" అంటుంది.

"ఆ రోజు ఇంకేం చెప్పాలనుకున్నావే?"

"కుడిచెయ్యి మొద్దుబారుతోంది, ఒకసారి రావా అని. నువ్వు అంత సంబరంగా అడుగుతుంటే చెప్పబుద్ధి కాలేదు. పోనీలే, నా వల్ల అక్కకి ఒక మాట దొరికింది అనుకున్నా."

దాని చెయ్యి పట్టుకోవాలని చూస్తే కోటు చేతి లోపల చెయ్యి ఎంతకీ అందదు, వెతుకుతూనే ఉంటాను. "నిద్రొస్తోందక్కా" అంటూ అది తల నా భుజం మీద వాలుస్తుంది. "వద్దే, పడుకోకు, ఏదో ఒకటి చెబుతూ ఉండు" అంటున్నాను, తల బరువెక్కుతోంది, బస్సు వరండాలోంచి ఎండలోకి తిరుగుతోంది.

"పటమట! పటమట దిగేవాళ్ళు రావాలమ్మా!"

కండక్టరు కేకకి మెలకువ వచ్చింది. మధ్యాహ్నపు ఎండ ఒళ్ళో పడుతోంది. పక్కసీటులో ఎవరో అమ్మాయి, మెళ్ళో ఐడీ కార్డు, నా భుజం మీద తల ఆనించి నిద్రపోతోంది. ఎప్పుడెక్కిందో తెలియదు.

చెంప మీద తట్టాను.

"ఏమ్మా, ఒంట్లో బాగోలేదా?"

ఆ పిల్ల ఉలిక్కిపడి లేచింది. "లేదండీ, నైట్ డ్యూటీ చేసొస్తున్నానండీ. సారీ అండీ, చూసుకోలేదు."

"పర్లేదమ్మా, పడుకో."

మొహమాటంగా కాసేపు తల నిటారుగా పెట్టుకుని కూర్చుంది. తర్వాత మెల్లగా మళ్ళీ ఒరిగింది. బస్సు నేను దిగాల్సిన పటమట దాటిపోయింది. నేను భుజం కదపలేదు.