గుంటల గుట్టు

ఫ్రిజ్ తలుపులకు రంగు వేసే షెడ్డులో మూడు రోజులుగా ఒకటే గోల. రేకును ఎంత శుభ్రంగా తుడిచినా, పూత మీద ఆవగింజంత గుంటలు పడుతున్నాయి. పెయింటరుకు వయసు మీద పడిందనీ, చెయ్యి వణుకుతోందనీ సూపర్‌వైజరు తేల్చేశాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ స్ప్రే గన్ పట్టిన మనిషికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

ఆ ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టు ఆయన అన్న కూతురే. పాడైన తలుపు నుంచి అరచేతంత ముక్క కోయించి తెచ్చుకుంది.

"బాబాయ్, తప్పు నీ చేతిదైతే మొహమాటం లేకుండా చెప్పేస్తా."

"చెప్పమ్మా. నాకూ తెలియాలిగా!"

గుంటలను రెండు చుక్కల ద్రావకంతో కడిగి, ఆ చుక్కలను సూదితో క్రొమటోగ్రాఫ్ యంత్రంలోకి ఎక్కించింది. కలగాపులగంగా లోపలికి వెళ్ళిన పదార్థాలు సన్నటి పొడవాటి గొట్టంలో విడిపోయి, ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి. వచ్చిన ప్రతిదానికీ తెర మీద ఒక శిఖరం లేస్తుంది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు. ఒకటి, రెండు, మూడు... దువ్వెన పళ్ళలా వరుసగా లేచాయి!

"సిలికోన్ నూనె!" అని ఆమె కుర్చీలోంచి ఎగిరి లేచింది. "ఇది పడ్డచోట రంగు నిలవదు బాబాయ్, పక్కకు జరిగిపోతుంది."

"నా రంగులో అది లేదే!"

"లేదు. బయటినుంచి వచ్చింది. పద, పట్టుకుందాం!"

చేతి తొడుగులు, తుడిచే గుడ్డలు, చేతులకు రాసుకునే క్రీము అన్నీ పరీక్షించారు. వేటిలోనూ లేదు. మధ్యాహ్నానికి పెయింటరు తల పైకెత్తాడు. తలుపులను మోసుకొచ్చే గొలుసు జిడ్డుగా మెరుస్తోంది. నిచ్చెనెక్కి దూదితో తుడిచి తెచ్చాడు. ఈసారి లేచిన శిఖరాలు పొద్దుటి వాటి మీద అచ్చుగుద్దినట్టు కూర్చున్నాయి.

"దొరికాడు దొంగ!"

వాళ్ళ కేకలకు సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. విషయం విని నాలుక కరుచుకున్నాడు. "గొలుసు కిర్రుమంటోందని పోయిన వారం నేనే ఆ నూనె కొట్టించాను. మాట తూలాను, ఏమీ అనుకోకన్నా."

"ముందు గొలుసు కడిగించు. తర్వాత అనుకుంటాలే," అన్నాడు పెయింటరు.

సాయంత్రానికి మొదటి తలుపు రంగు ఆరబెట్టే ఓవెన్‌లోంచి బయటికొచ్చింది. షెడ్డంతా దాని చుట్టూ మూగింది. సూపర్‌వైజరు వంగి వెతికితే గుంటలు లేవు, తన మీసాలే కనిపించాయి.

"ఇంకోటి పంపండ్రా!" అని పెయింటరు గొంతు షెడ్డంతా మారుమోగింది.