ఇంప్రాక్టికల్ అన్న మాట

పందొమ్మిది వందల యాభై తొమ్మిదిలో వికారాబాదులోని బడుల ఇన్‌స్పెక్టరు కార్యాలయం పదింటికి తెరుచుకోవలసింది. ఇన్‌స్పెక్టరు సోమేశ్వర్ హైదరాబాదు నుంచి రైల్లో వచ్చేవాడు గనుక పదకొండున్నరకు తెరుచుకునేది. తాండూరు ఆడపిల్లల బడి పంతులమ్మ కస్తూరమ్మకు ఆ సంగతి తెలుసు. అయినా పొద్దున్నే వచ్చి వరండాలో బల్ల మీద కూర్చుంది. ఆమె వచ్చే రైలు ఎవరి కోసమూ వేళ మార్చుకోదు.

ఆమె అడగవచ్చింది చిన్న విషయం. గొర్రెల కాపరుల వాడలోని బుగ్గమ్మ మధ్యాహ్నం దాకా గొర్రెపిల్లలను మేపి, ఆ తర్వాత బడికి వస్తుంది. హాజరు మాత్రం పొద్దున్నే పిలవాలి. అప్పుడు పలకని పిల్ల ఆ రోజుకు రానట్టే లెక్క. హాజరు చాలక ఐదో తరగతి పరీక్షకు కూర్చోనివ్వకపోతే బుగ్గమ్మ చదువు అంతటితో సరి. అటువంటి పిల్లల పేర్లు మధ్యాహ్నం పిలవడానికి అనుమతి కావాలి.

సోమేశ్వర్ ఓపికగానే విన్నాడు.

"ఆలోచన మంచిదే టీచరమ్మా. కానీ జర ఇంప్రాక్టికల్."

ఆ మాటకు నిఘంటువు చెప్పే అర్థం కస్తూరమ్మకు తెలుసు: ఆచరణకు లొంగనిది. వాడుకలో అర్థం వేరు. బడికి పైకప్పు అడిగినప్పుడూ, పిల్లలకు మరుగుదొడ్డి అడిగినప్పుడూ ఆమె విన్నది ఆ మాటే. చేసి చూసి, కుదరక ఆ మాట అన్న మనిషిని మాత్రం ఆమె ఇంతవరకు చూడలేదు.

"హైదరాబాద్ రైలును బట్టి మీ ఆఫీసు టైము మారింది గద సార్. గొర్రెపిల్లలను బట్టి హాజరు టైము మారొద్దా?"

"గది వేరే, గిది వేరే," అని సోమేశ్వర్ చాయ్ కోసం గంట కొట్టాడు. చాయ్ ఒకటే వచ్చింది.

సాయంత్రం తాండూరులో దిగి, నొప్పెడుతున్న మోకాళ్ళతో ఇంటికి వచ్చేసరికి బుగ్గమ్మ తల్లి చంద్రవ్వ అరుగు మీద కూర్చుని ఉంది.

"ఏమన్నడు పంతులమ్మా?"

"కాదన్నడు. ఇంగ్లీషుల అన్నడు."

"తిట్టిండా?"

"తిట్టలే. తిడితే జవాబన్న చెప్పొచ్చు."

"మరి మా బిడ్డ గొర్రెపిల్లలను తోలుకొని బడికాడికే వస్తే? నువ్వు పేరు పిలిస్తే కిటికీలకెల్లి పలుకుతది."

గొర్రెపిల్లల అరుపులు, తరగతిలో నవ్వులు, ఇన్‌స్పెక్టరు తనిఖీకి వస్తే చెప్పుకోవలసిన సంజాయిషీ, అన్నీ ఒక్కసారి కస్తూరమ్మ కళ్ళముందు మెదిలాయి. ఆమె బాగా అలసిపోయి ఉంది. ఇన్‌స్పెక్టరు అన్న మాటే నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి, మరో మాట అడిగింది.

"ఆడ మేత ఏముంది?"

"బడెనుక తుమ్మలు లేవా? రెండు కొమ్మలు కొట్టేస్త. నములుకుంట పడుంటయి. బిడ్డ కిటికీకాడ నిలబడి పాఠం ఇంటది."

"సరే, పంపు. జర గట్టిగ పలుకుమను," అన్నది కస్తూరమ్మ, చెప్పులు విడుస్తూ. "ఈ నడుమ నాకు సరిగ్గ ఇనపడుతలేదు."