గోడకు ఆనించి పెట్టిన సంతకం

ఆ రోజు ఓట్లు. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా. ఆసుపత్రి నర్సుల సంఘానికి అధ్యక్షురాలిగా పెద్దక్క నిలబడింది. అసలు పేరు హాజరు పట్టీలో ఉంటుంది గానీ వార్డుల్లో అందరికీ ఆమె పెద్దక్కే. వయసులో తనకంటే పెద్దవాళ్ళు కూడా అలాగే పిలుస్తారు.

పోటీ ఇస్త్రీ సిస్టర్‌తో. ఆరేళ్ళుగా ఆ కుర్చీ ఆమెదే. పన్నెండు గంటల డ్యూటీ చేసి దిగినా ఆమె బట్టల మీద ముడత కనబడదు. పని చేస్తే కదా ముడత పడేది అని గిట్టనివాళ్ళు అంటారు.

పెద్దక్క అడుగుతున్నది ఒకటే. ప్రతి వార్డులో, ప్రతి షిఫ్టులో ఇద్దరు నర్సులుండాలి. ఇన్సులిన్ లాంటి మందు ఒకరు సిరంజిలోకి తీస్తే, రెండో నర్సు వచ్చి సీసా చూడాలి, సిరంజి చూడాలి, రోగి చేతి పట్టీ చూడాలి. ఆ తరవాతే పుస్తకంలో రెండో సంతకం. మనుషులు చాలక ఆ రెండో సంతకం దారిన పోయేవాళ్ళతో పెట్టించుకోవడం అలవాటైపోయింది. అందుకే పెద్దక్క కరపత్రం మీద లావుపాటి అక్షరాలతో ఒక్క మాట వేయించింది. "చూడని మందుకు సంతకం పెట్టం."

పొద్దున బయల్దేరుతుంటే ఆమె మొగుడు టిఫిన్ డబ్బా చేతికిచ్చాడు. బస్సు డ్రైవరు ఆయన.

"అధ్యక్షురాలిగారూ, రేపట్నుంచి మీతో మాట్లాడాలంటే అర్జీ పెట్టుకోవాలా?"

"ఇవాళే పెట్టుకోండి. రేపటికి వరస పెరిగిపోతుంది," అంది పెద్దక్క చెప్పులేసుకుంటూ.

ఏడున్నరకి షిఫ్టు మారుతుంది. రాత్రివాళ్ళు దిగుతారు, పగటివాళ్ళు ఎక్కుతారు. అందరూ ఒక్కచోట దొరికేది ఆ పావుగంటే. ఓట్లడిగేవాళ్ళు వదులుకోలేని పావుగంట. ఇన్సులిన్ ఇచ్చే వేళ కూడా అదే.

ఆ వార్డుకి పెద్ద నర్సు పెద్దక్కే. బాధ్యత అందుకుని, గబగబా గేటు వైపు బయల్దేరింది. గుమ్మంలో చిట్టి ఎదురొచ్చింది. ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైన పిల్ల. పని నేర్పింది పెద్దక్కే.

"అక్కా, ఆరో మంచం తాతకి ఇన్సులిన్. ఇరవై. ఒక్కసారి చూస్తారా?"

"సరిగ్గా తీశావా?"

"తీశానక్కా."

"ఇలా తే."

పుస్తకం గోడకు ఆనించి సంతకం గీకేసి వెళ్ళిపోయింది. సిరంజి, సీసా ట్రేలోనే ఉన్నాయి. ట్రే నాలుగడుగుల దూరంలో ఉంది. గేటు దగ్గర పదిహేడు మంది ఓటేస్తామని ఆమెకు మాటిచ్చారు.

ఎనిమిదిన్నరకి ఆరో మంచం తాత దుప్పటి చెమటతో తడిసిపోయింది. ఆయన వడ్రంగి. మనిషి మంచం మీద ఉన్నాడు గానీ చెయ్యి గాలిలో చిత్రిక పడుతోంది. ఎవర్నో రంపం తెమ్మంటున్నాడు. పెద్దక్క వేలు గుచ్చి చూసింది. చక్కెర ముప్పై ఎనిమిది. డెబ్బైకి తగ్గకూడనిది. ఆమె చేతులు ఆగలేదు. డాక్టరు వచ్చేసరికే నరంలోకి గ్లూకోజు ఎక్కుతోంది. తొమ్మిదింటికి తాతకి తెలివి వచ్చింది.

"టీ ఇవ్వరా ఇక్కడ?" అన్నాడు.

అప్పుడు ట్రే దగ్గరికి వెళ్ళి చూసింది. రాత్రి స్టోరు నుంచి కొత్త సీసాలు వచ్చాయి. పాత సీసాలో మందు మిల్లీలీటరుకి నలభై యూనిట్లు, కొత్తదాంట్లో వంద. నలభైకి ఎర్రమూత సిరంజి, వందకి నారింజ మూతది. చిట్టి కొత్త సీసాలోంచి ఎర్రమూత సిరంజితో ఇరవై గీత దాకా లాగింది. తాత ఒంట్లోకి పోయింది ఇరవై కాదు, యాభై. సీసా మీద అంకె ఒక్కసారి చదివితే దొరికిపోయే తప్పు. చదవాల్సిన కళ్ళు ఆ వేళ గేటు దగ్గర ఉన్నాయి.

పదకొండింటికి మేట్రన్ ఇద్దరినీ గదికి పిలిచింది. మందుల పుస్తకం బల్ల మీద తెరిచి ఉంది.

"ఈ రెండో సంతకం ఎవరిది?"

పెద్దక్క నోరు తెరవబోయింది. చిట్టి ముందే అందుకుంది.

"నేనే పెట్టాను మేడం. అక్క అక్కడ లేరు. ఆవిడలాగా నేనే పెట్టేశాను."

మేట్రన్ కళ్ళజోడు తీసి పిల్లని చూసింది. "ఏమంటున్నావో తెలుస్తోందా? మందు తప్పయితే హెచ్చరికతో పోతుంది. దొంగసంతకం అయితే ఉద్యోగం పోతుంది."

"తెలుసు మేడం."

మేట్రన్ పెద్దక్క వైపు తిరిగింది. ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాట రాలేదు.

"ఒంటిగంటకల్లా రాసి తీసుకురా," అంది మేట్రన్ చిట్టితో.

బయటికి రాగానే పెద్దక్క పిల్ల మోచెయ్యి పట్టుకుని మెట్ల కిందికి లాక్కెళ్ళింది.

"నీకేమైనా పిచ్చా?"

"మీరు గెలవాలక్కా. ఈ మాట బయటికొస్తే కరపత్రం చూపించి నవ్వుతారు. గెలిచాక నన్ను మళ్ళీ తెచ్చుకుందురు గాని." చిట్టి నవ్వబోయింది. "మా అమ్మకి మాత్రం ఇప్పుడే చెప్పకండి."

పెద్దక్క దుప్పట్ల గదిలోకి వెళ్ళి తలుపు మూసుకుంది. రెండు నిమిషాలు కూడా కాలేదు, తలుపు తెరుచుకుంది. ఇస్త్రీ సిస్టర్.

"ఒక తలగడ గలీబు కావాలి," అంది. గలీబు తీసుకుని, అది మడతపెడుతూ నిలబడింది. "పొద్దున నేను లిఫ్టు దగ్గరున్నానే. గోడకి ఆనించి పెట్టావు సంతకం. చూశాను."

పెద్దక్క తలుపు వైపు చూసింది.

"భయపడకు, నేను చెప్పను. నువ్వు గెలువు, ఆ కుర్చీలో కూర్చో. ఎప్పుడైనా నేనొక మాట అంటే మాత్రం కాదనకు. అంతే."

"ఓడితే?"

"ఓడితే గొడవే లేదుగా." గలీబు అంచులు సరిచేసింది. "ఆ పిల్లది చిన్న వయసు. ఇంకెక్కడైనా దొరుకుతుంది పని. అయినా ఇక్కడ చూసి సంతకం పెట్టేదెవరు? నేను పెడుతున్నానా?"

ఆమె వెళ్ళాక పెద్దక్క దుప్పట్ల కట్ట మీద కూలబడింది. కూర్చున్నచోటే పన్నెండున్నర అయింది. మొగుడు ఫోను చేశాడు.

"సాయంత్రం పక్కింటివాళ్ళని పిలవనా?"

"వద్దండీ."

"ఏం? గొంతు అలా ఉందేం?"

"ఇప్పుడే ఎవర్నీ పిలవకండి."

ఆయన ఇంకేదో అడుగుతుండగానే పెట్టేసింది. గోడ గడియారం చప్పుడు చెవిలో గంటలా మోగుతోంది. ఈ ఎన్నిక కోసం ఏడాది తిరిగింది. ప్రతి వార్డూ ఎక్కింది, ప్రతి ఒక్కరి కష్టం వింది. గెలిస్తే ఇద్దరు నర్సుల మాట నిజంగా సాధించగలదేమో. సాధించి, చిట్టిని మళ్ళీ తెచ్చుకోగలదేమో. అలా అనుకోగానే ఆమెకి తన మీద తనకే రోత పుట్టింది. పిల్ల చెప్పిన మాటనే తను వల్లెవేస్తోంది.

ఒంటిగంటకి పది నిమిషాలుండగా మేట్రన్ గదిలోకి వెళ్ళింది. చిట్టి అక్కడే నిలబడి ఉంది, చేతిలో కాగితం. పెద్దక్క ఆ కాగితం లాగేసుకుంది. బల్ల మీది పుస్తకం తీసి మేట్రన్ ముందు పెట్టింది.

"నా సంతకం చూడండి మేడం. చివరి అక్షరాలకి సిరా దిగలేదు. పెన్ను అడ్డంగా పట్టుకుని గోడ మీద పెడితే ఇలాగే వస్తుంది." పక్కనున్న తెల్లకాగితం గోడకి ఆనించి మళ్ళీ సంతకం పెట్టి చూపించింది. సరిగ్గా అలాగే, సగంలో సిరా చచ్చిపోయింది. "ఈ పిల్ల బల్ల మీద రాస్తుంది. ఇది నాది. చూడకుండా పెట్టాను. ఓట్లకి వెళ్ళే తొందరలో పెట్టాను."

"అక్కా," అంది చిట్టి.

"నువ్వు నోరుముయ్."

మేట్రన్ రెండు సంతకాలూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. "సాయంత్రం దాకా ఆగి చెప్పి ఉండొచ్చు నువ్వు. ఓట్లు అయిపోయేవి."

"అవును మేడం."

ఓట్లకి ముందు పోటీవాళ్ళిద్దరూ క్యాంటీన్‌లో మాట్లాడాలి. పెద్దక్క వంతు వచ్చేసరికి ఒంటిగంటన్నర. బెంచీలు నిండిపోయాయి. ఆమె కరపత్రం చేతిలోకి తీసుకోలేదు. పొద్దున జరిగింది మొదట్నుంచి చివరిదాకా చెప్పింది. సీసా, మూత రంగు, గోడ, గేటు, పదిహేడు మంది. మేట్రన్ గదిలో తన నోరు పెగలకపోవడం కూడా దాచలేదు.

"ఇది మీలో ఎవరికీ కొత్త కాదు," అంది చివరికి. "ఇద్దరుండాలని అడిగింది అందుకే. ఇప్పుడూ అదే అడుగుతున్నాను."

చప్పట్లు లేవు. ముందు వరసలో ఒకామె జేబు అంచున కనబడుతున్న పెన్నుని లోపలికి తోసుకుంది. చాలామంది తలలు వంచుకున్నారు. ఎవరూ పక్కవాళ్ళ ముఖం చూడలేదు. ఇస్త్రీ సిస్టర్ ఒక్కతే తలెత్తి చూస్తోంది. ఆమె ముఖంలో గెలుపు లేదు. చేతిలోంచి ఏదో జారిపోయినట్టు ఉంది.

పెద్దక్క తొమ్మిది ఓట్లతో ఓడిపోయింది.

లెక్కింపు అయ్యాక ఇస్త్రీ సిస్టర్ దగ్గరికొచ్చింది. "చెప్పకుండా ఉంటే గెలిచేదానివి."

"తెలుసు," అంది పెద్దక్క.

చిట్టికి హెచ్చరిక కాగితం వచ్చింది. పెద్దక్కకి వార్డు పెద్దరికం ఏడాది పాటు పోయింది.

మర్నాడు ఏడున్నరకి చిట్టి ట్రే పట్టుకుని ఆరో మంచం దగ్గరికి వచ్చింది. పెద్దక్క వెంట వచ్చింది. తాత దిండుకి ఆనుకుని కూర్చున్నాడు.

"ఓడిపోయావటగా."

"అవును తాతా."

"నాకు ఓటుంటే వేసేవాణ్ణి." దిండు సర్దుకున్నాడు. "మధ్యాహ్నం నువ్వు మాట్లాడాక అయితే వేసేవాణ్ణి. పొద్దున అడిగితే మాత్రం వేసేవాణ్ణి కాదు."

చిట్టి నవ్వు ఆపుకుంది. కిటికీలోంచి గేటు కనిపిస్తోంది. షిఫ్టు మారుతోంది, మళ్ళీ గెలిచిన ఇస్త్రీ సిస్టర్ దిగివచ్చేవాళ్ళ చేతులు పట్టుకుని పలకరిస్తోంది. పెద్దక్క అటు చూడలేదు. కళ్ళజోడు పెట్టుకుంది. సీసా వెలుతురులో పట్టుకుని అంకె చదివింది. సిరంజి మూత రంగు చూసింది. గీత దగ్గర గోరు పెట్టి లెక్క చూసింది. తాత చేతి పట్టీ తిప్పి పేరు చదివింది.

"ఎన్నిసార్లు చదువుతావమ్మా, నేనే," అన్నాడు తాత.

పుస్తకం బల్ల మీద పెట్టుకుని, కుర్చీ లాక్కుని కూర్చుని, సంతకం చేసింది. సిరా చివరిదాకా దిగింది.

"ఇప్పుడు ఇవ్వు," అంది చిట్టితో.