నా మెడ మీది ఎముక

నేను ఒక బేస్ గిటార్ని. నాలుగు లావుపాటి తీగలు, పొడవాటి మెడ, భుజం నొప్పి పుట్టించేంత బరువు. నన్ను చూసినవాళ్ళు మొదట అడిగే మాట ఒకటే: "మిగతా రెండు తీగలూ తెగిపోయాయా?" పాట నడుస్తున్నంతసేపూ నా గొంతును ఎవరూ పట్టించుకోరు. నేను ఆగిపోతే మాత్రం, ఏది తగ్గిందో తెలియక అటూ ఇటూ చూస్తారు.

కలకత్తాలో హార్మోనియంలు చేసే సందు ఒకటుంది. అక్కడ తలుపు కోసం తెచ్చిన మహాగని పలకలో మిగిలిన ముక్కతో నా ఒళ్ళు చేశారు. తలుపునై ఉంటే ఈపాటికి ఎన్ని పండగలకు ఎన్ని తోరణాలు కట్టించుకునేదాన్నో. రాజమండ్రి ఆర్కెస్ట్రా పార్టీ వీరభద్రం నన్ను రైల్లో తెచ్చుకున్నాడు. పదేళ్ళపాటు పెళ్ళిళ్ళలో, విస్తళ్ళ ముందు కూర్చున్న జనానికి వాయించాను. పప్పు రెండోసారి అడగడంలో ఉన్న శ్రద్ధ వాళ్ళకు నా మీద ఎప్పుడూ లేదు. తర్వాత కీబోర్డు వచ్చింది. నేను చేసే పని అది ఎడమ చేత్తో చేసేసింది. వీరభద్రం నన్ను స్పీకరు డబ్బాల వెనక నిలబెట్టి మరిచిపోయాడు.

నన్ను అక్కడి నుంచి బయటికి తీసినావిడ పేరు కృపావతి. కాకినాడలో మిషన్ బడి టీచరు. వాళ్ళ చర్చి పాటల బృందంలో గిటార్లకూ డ్రమ్ములకూ పోటీ ఉండేది కాని, బేస్ వాయిస్తామని ఒక్కరూ ముందుకు రాలేదు. "ఎవరికీ అక్కర్లేంది నాకిచ్చేయండి" అని వీరభద్రాన్ని అడిగి ఆవిడే తీసుకుంది. తీరా పట్టుకుంటే ఆవిడ చేతులు చిన్నవి, నా మెడ వెడల్పు. వేళ్ళు అందక, నాలుగోరోజుకే మణికట్టు వాచింది.

ఆవిడ భర్త దేవసహాయం మాస్టారు కాలేజీలో ఫిజిక్స్ ల్యాబు చూసేవారు. ఆయనకు సరిగమలు తెలియవు. ఏ పాటైనా ఒకేలా వినిపిస్తుందని ఆయనే ఒప్పుకునేవారు. అయితే ఆకురాయి, టంకం, కొలతలు ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. మెడ పైచివర, తీగలు గాడుల్లో కూర్చునే చోట ఒక చిన్న పలక ఉంటుంది. దాన్ని నట్ అంటారు. వీరభద్రం హయాంలో అది ప్లాస్టిక్‌ది. మాస్టారు మాంసం కొట్టు నుంచి ఎముక తెచ్చి, ఉడకబెట్టి, ఎండబెట్టి, వారం రోజులు ఆకురాయితో అరగదీశారు.

"ఏవండీ, కూరకు తెచ్చారనుకున్నాను. గిటారుకు తినిపిస్తున్నారా?" అంది కృపావతి.

"దీనికి తినిపిస్తే నీ చెయ్యి నెప్పి తగ్గుద్ది."

ఆ ఎముక మీద గాడుల్ని మామూలు కంటే దగ్గర దగ్గరగా కోశారు, ఆవిడ వేళ్ళ మధ్య దూరం కొలిచి మరీ. అప్పటి నుంచి నేను ఆవిడ చేతి గిటారునయ్యాను. ఆవిడ వాయించేది, ఆయన బాగుచేసేవారు. వానాకాలం సముద్రపు తేమకు నా మెడ వంగితే లోపలి ఇనుపకడ్డీని దాని మర తిప్పే తాళంచెవితో పావు చుట్టు తిప్పేవారు. వేళ్ళు నొక్కే మెట్ల చెక్కకు అవిసెనూనె రాసేవారు. శబ్దం పెంచే బొత్తం గరగరమంటే వెనక మూత విప్పి టంకం వేసేవారు. ఆదివారం చర్చిలో మాత్రం రెండో వరసలో కూర్చుని, అరచేతిని బెంచీ చెక్కకు ఆనించేవారు. చెవికి అందని నేను ఆ చెక్కలోంచి ఆయన చేతికి అందేదాన్ని. ఆ సంగతి కృపావతికి తెలుసు. పాట మధ్యలో ఒకసారి ఆ చేతివైపు చూసి నవ్వుకునేది.

మూడేళ్ళ కిందట ఆవిడ పోయింది. జ్వరమన్నారు, గుండె అన్నారు, రెండు వారాల్లో అయిపోయింది.

మాస్టారు నన్ను గోడకు తగిలించారు. కాని ప్రతి శనివారం కిందికి దించి తుడిచేవారు. మెడ సరిచూసేవారు, నూనె రాసేవారు, యంత్రంలో ముల్లు చూసుకుంటూ శ్రుతి చేసేవారు. ఆవిడ కట్టిన తీగలు మాత్రం మార్చలేదు. ఊళ్ళో నాకంటే ఆరోగ్యంగా ఉన్న బేస్ గిటార్ లేదనే చెప్పాలి. పలకరించేవాళ్ళే లేరు. రోజూ తలదువ్వించుకుని పెళ్ళికి తయారై గడప దాటని మనిషిలా ఉండేది నా బతుకు.

ఈ ఏడు ఈస్టరుకు ముందు, పాటల బృందాన్ని నడిపే ఏబేలు గారు ఇంటికి వచ్చారు. వెంట సలోమి అని ఒకావిడ. ఆర్టీసీ బస్సు కండక్టరు. అత్తిలి నుంచి ఇక్కడి డిపోకు కొత్తగా బదిలీ అయిందట. హాస్టల్లో ఉండగా బేస్ నేర్చుకుందట.

"మన టీచరుగారి గిటారు ఈస్టరుకి ఇస్తారేమోనని, మాస్టారూ" అన్నారు ఏబేలు.

"అది పని చేయట్లేదండి. లోపల వైరేదో పోయింది" అన్నారు మాస్టారు.

ఆయన నోట నేను విన్న మొదటి అబద్ధం అదే. నిన్నటి శనివారమే నా వైర్లన్నీ చూశారు. సలోమి మాట వింటూనే, నిన్నటి పరీక్ష తర్వాత ఆపడం మరిచిన స్పీకరు డబ్బా పక్కనే, దాని వైరుతో సహా నిలబెట్టి ఉన్న నన్ను వేలితో ఒకసారి మీటింది. మూడేళ్ళ తర్వాత వాయించడం తెలిసిన వేలికి శ్రుతి తప్పకుండా పలికాను. గది నిండింది.

ఏబేలు గారు కిటికీలోంచి బయటికి చూశారు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అప్పుడప్పుడు పని చేస్తుంది" అన్నారు.

"నాదీ అంతేనండి, టిక్కెట్ల మిషను" అంది సలోమి, మెల్లగా.

ఆ మాటతో ఆయన మెత్తబడ్డారు. నన్ను చేతికిచ్చారు. ఆవిడ పట్టుకున్న తీరు చూసి మళ్ళీ ముఖం మారింది. మెడ కుడివైపుకు వచ్చింది, తీగలు తలకిందులయ్యాయి.

"పుర్రచెయ్యా అమ్మా నీది?"

"ఆయ్. బస్సులో రోజూ తిట్లేనండి. 'కుడి చేత్తో ఇయ్యమ్మా టిక్కెట్టు' అంటారు. వాళ్ళేమో కుడిచేత్తో చిరిగిన నోటిస్తారు."

ఎడమచేతి వాళ్ళకు నన్ను సరిచేయాలంటే తీగలన్నీ తిప్పి కట్టాలి. లావు తీగ సన్నతీగ గాడిలో పట్టదు కనుక ఆ ఎముక ఊడదీయాలి. మాస్టారికి అది తెలుసు. ఆయన చూపు నేరుగా నా మెడ మీదికే వెళ్ళింది.

"ఏదీ మార్చకూడదమ్మా" అన్నారు.

"మార్చొద్దులెండి. ఇలాగే తిరగేసి వాయిస్తాను."

ఈస్టరుకు వారం ముందు, మట్టల ఆదివారం అలాగే వాయించింది. పై తీగ కింద, కింది తీగ పైన. అయినా ఆవిడ వేళ్ళు దారి తప్పలేదు. మాస్టారు రెండో వరసలో కూర్చున్నారు. చాలాసేపు చేతులు ఒళ్ళోనే పెట్టుకున్నారు. రెండో చరణానికి కుడి అరచెయ్యి మెల్లగా బెంచీ మీదికి వచ్చింది.

మూడో చరణంలో జరిగింది. తిరగేసి పట్టుకుంటే నా బొత్తాలు పైకి వస్తాయి. సలోమి మోచెయ్యి వాయిస్తూ వాయిస్తూ శబ్దం బొత్తాన్ని తెలియకుండా తిప్పేసింది. నేను ఆగిపోయాను. పాట ఆగలేదు. డ్రమ్ములున్నాయి, గొంతులున్నాయి. పిల్లలు మట్టలు ఊపుతూనే ఉన్నారు. సలోమి కంగారుగా తీగలు మీటుతోంది. గుడినిండా ఉన్న జనంలో ఆ సంగతి ఇంకొక్కరికే తెలిసింది. ఆయన అరచెయ్యి కింద బెంచీ వట్టి చెక్కయిపోయింది. ఆ చేతిని అక్కడే ఉంచి, వేళ్ళతో ఒకసారి నొక్కి చూశారు. మనుషులు నాడి చూసేటప్పుడు అలా చేస్తారు.

ఆరాధన అయ్యాక సలోమి మాస్టారి దగ్గరకు వచ్చింది. "తప్పు నాదేనండి. ఈస్టరుకి జాగర్తగా పట్టుకుంటాను."

"జాగర్త పడుతూ వాయించకూడదమ్మా. వంగి చూసుకుంటూ వాయిస్తే పాటెక్కడుంటుంది? రేపు డ్యూటీ దిగాక ఇంటికి రా. నీ చెయ్యి కొలవాలి."

ఆ వారం ఇల్లంతా ఎముక పొడి. మాంసం కొట్టతను "సూపుకా మాస్టారూ?" అంటే, "సూపుకే" అన్నారట. సలోమి వేళ్ళు పొడవు. కొత్త ఎముక మీద గాడుల మధ్య దూరం పెంచారు. బొత్తం ఊడదీసి, దాని కాడను మట్టంగా కోసి, రూపాయి బిళ్ళతో తిప్పే గాడి పెట్టారు. ఇక ఏ మోచెయ్యీ నా నోరు నొక్కలేదు. భుజం బెల్టు తగిలించే మరను నా ఒంటికున్న రెండో కొమ్ముకు మార్చారు.

తీగలు విప్పే రోజు చాలాసేపు వాటిని పట్టుకుని కూర్చున్నారు. కొత్తవి కొననా అని ముందురోజు ఆయన అడిగితే, సలోమి పాతవే మెత్తగా ఉన్నాయంది. ఉప్పుగాలికి మురికి పట్టిన తీగలను నీళ్ళలో మరిగిస్తే కొన్నాళ్ళు గొంతు తిరిగి వస్తుంది. గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టారు. నీళ్ళు బూడిదరంగుకు తిరిగాయి. అది కృపావతి వేళ్ళ మురికి. మాస్టారు ఆ నీళ్ళను సింకులో పోయలేదు. చల్లారాక వాకిట్లో కనకాంబరం కుండీలో పోసి, "ఇనుము మొక్కకి మంచిదే" అని పైకే అన్నారు. అక్కడ వినేవాళ్ళు ఎవరూ లేరు.

ఆఖరున నా మెడ మీది పాత ఎముకకు చిన్న చెక్కముక్క ఆనించి, సుత్తితో ఒక్క దెబ్బ వేశారు. చిటుక్కున ఊడి వచ్చింది. నాకు నొప్పేమీ తెలియలేదు. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని, నాలుగు గాడుల మీద నాలుగు వేళ్ళూ ఆనించి చూశారు. ఆయన వేళ్ళు లావు, ఒకదానికొకటి ఒరుసుకున్నాయి.

ఈస్టరు తెల్లవారుజామున చర్చి ఆవరణలో పాడారు. బెంచీలు బయట వేశారు. సలోమి తల ఎత్తుకునే వాయించింది, ఒక్కసారి కూడా నావైపు చూసుకోలేదు. మాస్టారు రెండో వరసలో, చెయ్యి చెక్క మీద. పాట మధ్యలో ఆవిడ అటు చూసింది. ఆ చెయ్యి సంగతి ఆవిడకెవరూ చెప్పలేదు. ఊరికే చూసి నవ్వింది.

ఇప్పుడు నేను వారంలో ఆరు రోజులు సలోమి ఇంట్లో, మంచం పక్కన ఉంటాను. శనివారం మాత్రం మాస్టారి దగ్గరకు వైద్యానికి వస్తాను. ఆవిడ నన్ను బస్సులో డ్రైవరు వెనక సీట్లో నిలబెట్టి తెస్తుంది. నాకు టిక్కెట్టు కొట్టదు. అంత బరువున్న మనిషికి టిక్కెట్టు ఎందుకు లేదని జనం అడుగుతుంటారు.

ఒక్క సంగతి ఆవిడకూ తెలియదు. నా వెనక మూత బిగించే ముందు, మాస్టారు పాత ఎముకను కృపావతి నూలుచీర పేలికలో చుట్టి, వైర్ల పక్కన గూట్లో పెట్టారు. గట్టిగా అదిమి, నన్ను ఊపి, చెవి ఆనించి చూశారు. లోపల ఏదైనా వదులుగా ఉంటే పాటలో గరగరమంటుందని ఆయన భయం. నేను పలికినప్పుడల్లా అదీ నాతోపాటు వణుకుతుంది. చప్పుడు మాత్రం చేయదు.